టోక్యోలో ఇల్లు ఏ స్టేషన్ దగ్గర? నిషి కసాయ్, కసాయ్, ఫునబోరి, ఓజిమా, గ్యోతోకు పోలిక

టోక్యోలో ఉద్యోగం ఖాయమైందని చెప్పగానే తెలిసినవాళ్లందరి నోటా ఒకటే మాట: "నిషి కసాయ్‌లో చూసుకోండి, మనవాళ్లంతా అక్కడే." మాట అబద్ధం కాదు. కానీ మనవాళ్లున్నారన్న ఒక్క ధీమాతో అక్కడ దిగి, పొద్దున రైలు గుర్తొస్తేనే నీరసపడిపోయేవాళ్లు ఉన్నారు. అద్దె తక్కువని నది దాటి అవతలికి వెళ్లి, ఇంట్లోవాళ్లకి పలకరించే మనిషి లేక ఏడాది తిరక్కుండానే ఇల్లు మారినవాళ్లూ ఉన్నారు. ఇక్కడ ఇల్లు మారడమంటే సామాను మోతతో అయిపోదు. ఇంకో నాలుగైదు నెలల అద్దె ముందే కట్టుకోవాలి. అందుకే మొదటి ఇల్లు కాస్త లెక్క చూసుకుని తీసుకోవడం మంచిది.

ఇక్కడ పోలుస్తున్నవి అయిదు స్టేషన్లు. నిషి కసాయ్, కసాయ్, గ్యోతోకు తోజాయ్ లైన్ మీద ఉన్నాయి. ఇది టోక్యో మెట్రో వాళ్లది. ఓజిమా, ఫునబోరి వాటికి ఉత్తరాన తొయెయ్ షింజుకు లైన్ మీద ఉన్నాయి. ఇది టోక్యో ప్రభుత్వం నడిపేది. అన్నీ నగరానికి తూర్పు అంచునే. అరకావా నదికి ఇవతల, నగరం వైపు ఓజిమా. అది కోతో వార్డు. నది దాటాక ఫునబోరి, నిషి కసాయ్, కసాయ్. ఇవి ఎడోగావా వార్డులోకి వస్తాయి. ఇంకో నది దాటితే గ్యోతోకు. అక్కడికి టోక్యో అయిపోయి చిబా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) మొదలవుతుంది. ఆఫీసు యోకోహామాలో ఉన్నవాళ్లు ఈ పోలిక పక్కన పెట్టి అటువైపే ఇల్లు చూసుకోండి.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

చాలామంది అద్దెతో మొదలుపెడతారు. నన్నడిగితే అద్దె మూడో స్థానం.

మొదటిది, పగలంతా ఇంట్లో ఎవరుంటారన్నది. ఆఫీసుకి వెళ్లే మనిషి ఆ పేటలో కళ్లు తెరిచి ఉండేది పొద్దున గంట, రాత్రి రెండు గంటలు. మిగతా పన్నెండు గంటలు అక్కడ గడిపేది భార్యో, భర్తో, పసిపిల్లలో, ఆరు నెలల కోసం వచ్చిన అమ్మానాన్నలో. స్టేషన్ ఎంచుకోవాల్సింది వాళ్ల కోసం. ఒంటరిగా ఉండేవాళ్లయితే ఈ షరతు కొట్టేసి నేరుగా రెండోదానికి వెళ్లొచ్చు.

రెండోది, ఆఫీసు ఏ లైన్ మీద ఉందన్నది. "టోక్యో సెంట్రల్‌లో" అంటే సరిపోదు, దిగాల్సిన స్టేషన్ పేరు కనుక్కోండి. నెలవారీ పాసు డబ్బులు ఇక్కడ దాదాపు అన్ని కంపెనీలూ ఇస్తాయి కాబట్టి చార్జీ గురించి బెంగ అక్కర్లేదు. చూసుకోవాల్సింది సమయం, రద్దీ, మారాల్సిన రైళ్లు. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. మెట్రో, తొయెయ్ రెండూ వేరు వేరు సంస్థలు. ఒకదాని నుంచి ఇంకోదానికి మారితే రెండు టికెట్ల లెక్క పడుతుంది, 70 యెన్ల తగ్గింపు మాత్రం ఇస్తారు. శని, ఆదివారాల్లో ఇంటిల్లిపాదీ తిరిగేటప్పుడు ఈ తేడా తెలుస్తుంది.

మూడోది అద్దె, అంతకంటే ముఖ్యంగా మొదట్లో కట్టాల్సిన మొత్తం. నాలుగోది పిల్లల బడి. అయిదోది కట్టడం రకం, అంటే చెక్కదా, కాంక్రీటుదా అని. ఆరోది వరద. ఈ ఆఖరిది ఏజెంటు ఎక్కువ మాట్లాడడు, కానీ ఈ అయిదు చోట్లలో నాలుగైదు అడుగులు అటైనా ఇటైనా అన్నీ పల్లపు నేలలే.

## నిషి కసాయ్

జపాన్‌లో భారతీయులు అందరికంటే ఎక్కువగా ఉండే వార్డు ఎడోగావా. అందులో గుండెకాయ నిషి కసాయ్. తోజాయ్ లైన్ 1969లోనే ఇటుగా వెళ్లినా, అప్పట్లో ఇక్కడ స్టేషన్ లేదు. 1979లో మధ్యలో చేర్చారు. కోల్‌కతా నుంచి వచ్చిన టీ వ్యాపారి జగ్‌మోహన్ చంద్రాని ఆ కొత్తల్లోనే ఇక్కడ కాపురం పెట్టారు. 2000 సంవత్సరం దగ్గరపడుతూ కంప్యూటర్లలో తేదీల సమస్య వచ్చినప్పుడు మన ఇంజనీర్లు గుంపులుగా టోక్యో దిగారు. వాళ్లు పనిచేసే బ్యాంకులూ, సెక్యూరిటీ కంపెనీలూ ఒతేమాచి, నిహోంబాషి, కయాబాచో ప్రాంతాల్లో ఉండేవి. ఈ మూడూ తోజాయ్ లైన్ మీదివే. ఇటు చూస్తే స్టేషన్ చుట్టూ, దక్షిణాన సముద్రాన్ని పూడ్చిన నేల మీద, ప్రభుత్వ సంబంధమైన యూఆర్ సంస్థ కట్టిన పెద్ద పెద్ద అపార్టుమెంట్లు. వాటికి జపనీయుడి హామీ అక్కర్లేదు. ఊరు కాని ఊరొచ్చిన కుర్రాళ్లకి ఇంకేం కావాలి? చంద్రాని వాళ్లకి కంచంలో ఇంటి తిండి దొరికే చోటు కూడా పెట్టారు. ఆ వరస అప్పటి నుంచీ ఆగలేదు.

ఇప్పుడు స్టేషన్‌కి అటూ ఇటూ పది నిమిషాల నడకలో సోనా మసూరి బస్తా, కందిపప్పు, ఫ్రీజర్లో ములక్కాడలు, ప్రియా ఆవకాయ అన్నీ దొరుకుతాయి. స్వాగత్, టీఎంవీఎస్ లాంటి దుకాణాలకి శనివారం సాయంత్రం వెళ్తే తెలుగు వినపడకుండా బయటికి రావడం కష్టం. ధరలు మాత్రం మన ఊరి ధరలు కావు, ముఖ్యంగా బియ్యం. జపాన్ దిగుమతి బియ్యం మీద సుంకం అలాంటిది.

పసిపిల్లలున్న ఇంటికి నిషి కసాయ్ ఇచ్చే సుఖం ఇంకోటుంది. స్టేషన్‌కి ఉత్తరాన గ్యోసెన్ పార్కులో వార్డు వాళ్ల చిన్న జంతు ప్రదర్శనశాల ఉంది. ప్రవేశం ఉచితం. రెడ్ పాండాలు, పెంగ్విన్లు ఉంటాయి. సోమవారం సెలవు. పదకొండింటికి బిడ్డను తోపుడుబండిలో వేసుకుని వెళ్లిన తల్లికి అక్కడ ఇంకో ఇద్దరు మన తల్లులు కనిపిస్తారు. ఆసుపత్రిలో ఏ ఫారం నింపాలో, ఏ డాక్టరుకి ఇంగ్లిష్ వచ్చో, వార్డు ఆఫీసులో ఏ కిటికీ దగ్గర నిలబడాలో అన్నీ ఆ బెంచీ మీదే తేలిపోతాయి. జపనీస్ రాని మొదటి ఏడాది దీని విలువ అద్దెలో పది వేల యెన్ల తేడా కంటే ఎక్కువని నా నమ్మకం.

ఇక రైలు సంగతి. తోజాయ్ లైన్లో కిబా నుంచి మోంజెన్ నకాచో దాకా ఉన్న ముక్క 2019లో 199 శాతం రద్దీతో దేశంలోనే పేరు మోసింది. సీట్లన్నీ నిండి, నిలబడ్డవాళ్లకి పట్టుకోడానికి హ్యాండిలో కడ్డీయో దొరికితే దాన్ని వంద శాతం అంటారు. మరి రెండొందలంటే ఊహించుకోండి. కరోనా తర్వాత ఇంటి నుంచి పని మొదలై అది తగ్గింది, ఇప్పుడు 150 దరిదాపుల్లో ఉంది. అయినా ఉదయం 8 గంటలకి నిషి కసాయ్ ప్లాట్‌ఫారం మీద నిలబడి చూడండి. వచ్చే ప్రతి రైలూ చిబా నుంచి నిండి వస్తుంది. తలుపు తెరుచుకుంటే దిగేవాళ్లు ఒకరిద్దరు, ఎక్కాల్సినవాళ్లు రెండు వరసలు. ఎక్కేవాళ్లు బ్యాగు ముందుకి తిప్పుకుని, వెనక్కి తిరిగి, తలుపు పైఅంచు పట్టుకుని వీపుతో లోపలికి నెట్టుకుంటారు. ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. తర్వాత పావుగంటలో ఒతేమాచి వచ్చేస్తుంది కాబట్టి ఓర్చుకోవచ్చు. ఆఫీసు తొమ్మిదిన్నరకో పదికో అయితే ఈ బాధ సగం ఉండదు. చేరకముందే మేనేజర్ని ఫ్లెక్స్ టైం గురించి అడగడం ఇల్లు వెతకడంలో భాగమే అనుకోండి.

కొత్తవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది ర్యాపిడ్ రైళ్ల తిరకాసు. ఉదయం రద్దీలో నడిచే కమ్యూటర్ ర్యాపిడ్, చిబా వైపు నుంచి వస్తూ కసాయ్ ముందు స్టేషన్ ఉరయాసు తర్వాత అన్ని స్టేషన్లలో ఆగుతుంది కాబట్టి నిషి కసాయ్‌లో ఎక్కొచ్చు. మామూలు ర్యాపిడ్ అలా కాదు. తోయోచో దాటితే మళ్లీ ఉరయాసులోనే ఆగుతుంది. సాయంత్రం ఫోన్ చూసుకుంటూ అదెక్కితే మీ ఇల్లు కిటికీలోంచి వెనక్కి వెళ్లిపోతూ కనిపిస్తుంది.

## కసాయ్

నిషి కసాయ్ పక్క స్టేషనే. ఒక స్టేషన్ దూరం, నడిస్తే పాతిక నిమిషాల లోపు. ఇక్కడ మన దుకాణాలు తక్కువ, జపనీస్ కుటుంబాలు ఎక్కువ. అద్దెలు పిసరంత తక్కువ. మన సరుకుల కోసం సైకిల్ మీద నిషి కసాయ్ వెళ్లొచ్చు. మనవాళ్లకి దగ్గరగా ఉండాలి కానీ లిఫ్టులో రోజూ ఆఫీసు వాళ్లే ఎదురుపడకూడదు అనుకునేవాళ్లకి ఇది సరిగ్గా సరిపోతుంది.

సైకిళ్లంటే గుర్తొచ్చింది. స్టేషన్ కింద ఉన్న యాంత్రిక సైకిల్ స్టాండు చూసి తీరాల్సిందే. 2008లో తెరిచారు. మొత్తం 9,400 సైకిళ్లు పడతాయి. చిన్న తలుపు ముందు పట్టాలో ముందు చక్రం దూర్చి మీట నొక్కితే తలుపు తెరుచుకుని, లోపలి నుంచి ఒక చెయ్యి సైకిల్ని లాక్కుని నేల కింద గుండ్రటి బావిలో ఎక్కడో పెట్టేస్తుంది. సాయంత్రం కార్డు చూపిస్తే అర నిమిషంలో అదే సైకిల్ వెనక్కి వస్తుంది. ఇల్లు స్టేషన్‌కి ఇరవై నిమిషాల నడకలో ఉంటే అద్దె బాగా తగ్గుతుంది. ఆ దూరాన్ని సైకిల్‌తో భరించగలిగే స్టేషన్ ఈ అయిదింటిలో ఇదే. నేలంతా చదును. ఎత్తుపల్లాలు లేవు.

ఇబ్బంది ఒకటుంది. ఆగి ఆగి వెళ్లే రైలు, వెనక వచ్చే ర్యాపిడ్‌కి దారి ఇవ్వడానికి కసాయ్‌లోనే ఆగి నిలబడుతుంది. నిషి కసాయ్ వాళ్లకి ఈ నిరీక్షణ రెండు వైపులా తప్పిపోతుంది. గ్యోతోకు వాళ్లకి రెండు వైపులా తగులుతుంది. పట్టాల కింద ఉన్న మెట్రో మ్యూజియం రైళ్ల పిచ్చి ఉన్న పిల్లలకి మంచి కాలక్షేపం. సముద్రం ఒడ్డున కసాయ్ రింకాయ్ పార్కు, అక్వేరియం, 117 మీటర్ల జెయింట్ వీల్ బస్సులో దగ్గర. డిస్నీలాండ్‌కి కూడా ఇక్కడి నుంచి నేరుగా బస్సుంది. ఇండియా నుంచి చుట్టాలొస్తే ఇది ఎంత ఉపయోగమో వేరే చెప్పక్కర్లేదు.

## ఫునబోరి

లైన్ మారిపోయింది, వార్డు మాత్రం అదే. ఇక్కడి నుంచి షింజుకుకి రైలు మారకుండా అరగంట. పొద్దున రద్దీ ఉంటుంది కానీ తోజాయ్ అంత నలుగుడు కాదు. ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఇక్కడా, ఓజిమాలోనూ ఆగుతాయి. అవి పగటిపూట నడిచేవి కాబట్టి ఆఫీసు లెక్కల్లో వేసుకోకండి.

ఇస్కాన్ వారి గుడి ఫునబోరిలో ఉంది. ఆదివారం భజన, ప్రసాదం ఉంటాయి. శాకాహారులకి, పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. స్టేషన్ ఎదురుగా టవర్ హాల్ అని వార్డు వాళ్ల భవనం, దాని మీద 115 మీటర్ల టవరు. పైకి వెళ్లి చూడటానికి డబ్బులు అడగరు. తెరిపిగా ఉన్న చలికాలం రోజున ఫుజి పర్వతం కనిపిస్తుంది. మన సరుకుల కొట్లు ఉన్నాయి కానీ నిషి కసాయ్‌లో ఉన్నన్ని లేవు. బస్సెక్కితే నిషి కసాయ్ దూరమేం కాదు.

చక్కగా బతికే చోటు. అయితే ఆఫీసు ఒతేమాచిలో ఉంటే మాత్రం తప్పకుండా ఒకచోట రైలు మారాలి.

## ఓజిమా

అయిదింటిలో నగరానికి అందరికంటే దగ్గర ఇదే. అందుకే అద్దె కూడా ఎక్కువే. దగ్గరలో పెద్ద యూఆర్ కాలనీలు ఉన్నాయి. వాటిలో మన కుటుంబాలు చాలా ఉన్నాయి. నాకానోహాషి అనే పాత షాపింగ్ వీధిలో కూరగాయలు, చేపలు సూపర్‌మార్కెట్ కంటే చవగ్గా దొరుకుతాయి.

ఓజిమా అసలు బలం ఒక్క మాటలో చెప్పాలంటే సుమియోషి. రెండు స్టేషన్లు వెళ్లి అక్కడ దిగితే హాన్‌జోమోన్ లైన్ దొరుకుతుంది. అది ఒతేమాచి, షిబుయా మీదుగా పోయి, రైలు మారకుండానే ఫుతాకో తమాగావా దాకా వెళ్తుంది. రాకుతెన్ ప్రధాన కార్యాలయం అక్కడే. ఆ కంపెనీలోనో, షిబుయా చుట్టుపక్కల స్టార్టప్‌లలోనో చేరుతున్న తెలుగువాళ్లు నిషి కసాయ్ అని కళ్లు మూసుకుని వెళ్లకుండా ఒక్కసారి ఓజిమా చూడండి. రద్దీ తోజాయ్‌లో రోజూ కిబా దాటే బాధ ఉండదు.

## గ్యోతోకు

నది దాటగానే అద్దె దిగుతుంది. అదే డబ్బుకి ఒక గది ఎక్కువ వస్తుంది. పాకిస్తానీ, బంగ్లాదేశీ, నేపాలీ కుటుంబాలు చాలా ఉన్నాయి. స్టేషన్ దగ్గర మసీదు ఉంది, హలాల్ మాంసం దుకాణాలు ఉన్నాయి. మన తెలుగు ముస్లిం కుటుంబాలకి, మాంసం విషయంలో పట్టింపు ఉన్నవాళ్లకి నిషి కసాయ్ కంటే ఇదే అనుకూలం. పక్క స్టేషన్ మ్యోదెన్‌లో పెద్ద ఇయాన్ మాల్ ఉంది. అక్కడి నుంచే బయల్దేరే రైళ్లు కొన్ని ఉన్నాయి. టైంటేబుల్ చూసుకుని ఆ రైలుకి ముందే వెళ్లి నిలబడితే ఒతేమాచి దాకా కూర్చుని వెళ్లొచ్చు. తోజాయ్ లైన్లో ఇది రాజభోగం.

పోగొట్టుకునేది కూడా ఉంది. టోక్యోలో ఉండే పద్ధెనిమిదేళ్ల లోపు పిల్లలకి టోక్యో ప్రభుత్వం తలా నెలకి 5,000 యెన్లు ఇస్తుంది. 2023లో మొదలుపెట్టారు. తల్లిదండ్రుల జీతం ఎంతన్నది చూడరు. నది దాటితే అది రాదు. ఇద్దరు పిల్లలుంటే ఏడాదికి 1,20,000 యెన్లు. గ్యోతోకులో అద్దె తక్కువని లెక్క వేసేటప్పుడు ఇది తీసేసి చూడండి. పిల్లల్లేనివాళ్లకి ఈ గొడవ లేదు.

## ఒకచోట పెట్టి చూస్తే

| | నిషి కసాయ్ | కసాయ్ | ఫునబోరి | ఓజిమా | గ్యోతోకు |
|---|---|---|---|---|---|
| లైన్ | తోజాయ్ | తోజాయ్ | తొయెయ్ షింజుకు | తొయెయ్ షింజుకు | తోజాయ్ |
| ఒతేమాచికి | నేరుగా, పావుగంట | నేరుగా, కాస్త ఎక్కువ | మారాలి | సుమియోషిలో మారి | నేరుగా, పాతిక నిమిషాలు |
| షింజుకుకి | మారాలి | మారాలి | నేరుగా, అరగంట | నేరుగా, అంతకంటే తక్కువ | మారాలి |
| ఉదయం రద్దీ | చాలా ఎక్కువ | చాలా ఎక్కువ | మధ్యస్తం | మధ్యస్తం | ఎక్కువ |
| అద్దె | ఎక్కువ | కాస్త తక్కువ | కాస్త తక్కువ | అన్నిటికంటే ఎక్కువ | అన్నిటికంటే తక్కువ |
| మన సరుకులు | కావలసినన్ని | పక్క స్టేషన్‌లో | కొన్ని | కొన్ని | ఉన్నాయి, హలాల్ ఎక్కువ |
| పిల్లలకి నెల 5,000 | ఉంది | ఉంది | ఉంది | ఉంది | లేదు |

రోప్పోంగి, తొరానోమోన్ హిల్స్ ఆఫీసుల వాళ్లు తోజాయ్ మీద ఉంటే కయాబాచోలో హిబియా లైన్‌కి మారాలి. అది మెట్రో లోపలి మార్పే కాబట్టి పాసు ఒకటే.

## బడి

సీబీఎస్‌ఈ చదువు కావాలంటే ఈ ప్రాంతంలో రెండు పేర్లు వినిపిస్తాయి. కోతో వార్డులో 2004లో మొదలైన ఇండియా ఇంటర్నేషనల్ స్కూల్ ఇన్ జపాన్ ఓజిమా వాళ్లకి దగ్గర. 2006లో టోక్యో వచ్చిన గ్లోబల్ ఇండియన్ ఇంటర్నేషనల్ స్కూల్ ఎడోగావా వార్డులో ఉంది కాబట్టి కసాయ్ వైపు వాళ్లకి అనుకూలం. రెండూ ఫీజు కట్టి చదివించేవే. కంపెనీ ఇవ్వకపోతే ఇద్దరు పిల్లల ఫీజు అద్దెని మించిపోవచ్చు. ఫీజు సంగతి ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే మాట్లాడుకోండి, తర్వాత వినేవాళ్లుండరు.

అయిదారేళ్లు ఉండే ఉద్దేశం ఉంటే, పిల్లలు చిన్నవాళ్లయితే, ఉచితంగా చదువు చెప్పే జపనీస్ ప్రభుత్వ బడి గురించి కూడా ఆలోచించండి. ఎడోగావా బడుల్లో విదేశీ పిల్లలు కొత్త కాదు. అప్పుడు బడి మీ చిరునామాని బట్టి వస్తుంది కాబట్టి ముందు బడి చూసి తర్వాత ఇల్లు చూడాలి. ఏడాదికో రెండేళ్లకో వెనక్కి వెళ్లిపోయేవాళ్లకి మాత్రం సీబీఎస్‌ఈయే నయం, పిల్లాడు అక్కడికి వెళ్లాక ఇబ్బంది పడడు.

## డబ్బు: ప్రైవేటు ఇల్లా, యూఆరా

ఒక లెక్క చూద్దాం. నెలకి 1,20,000 యెన్ల అద్దె అనుకోండి. ప్రైవేటు ఇంటికి మామూలుగా ఒక నెల డిపాజిట్. దాన్ని షికికిన్ అంటారు, ఖర్చులు పోను వెనక్కి వస్తుంది. ఇంకో నెల రెయ్‌కిన్. ఇది యజమానికి కృతజ్ఞతగా ఇచ్చేది, వెనక్కి రాదు. ఏజెంటు కమిషన్ చట్టం ప్రకారం గరిష్ఠంగా ఒక నెల, దాని మీద పది శాతం పన్ను, అంటే 1,32,000. మొదటి నెల అద్దె. హామీ కంపెనీకి సగం నెల. ఇవన్నీ కలిపితే 5,52,000. దీనికి తాళం మార్పు, అగ్ని ప్రమాద బీమా చేరితే ఆరు లక్షల దరిదాపుకి వస్తుంది. పైగా టోక్యోలో రెండేళ్లకోసారి అగ్రిమెంటు పొడిగించినందుకు మామూలుగా ఒక నెల అద్దె ఇవ్వాలి.

అదే అద్దెకి యూఆర్‌లో రెండు నెలల డిపాజిట్ 2,40,000, మొదటి నెల అద్దె. అంతే, 3,60,000. రెయ్‌కిన్ లేదు, కమిషన్ లేదు, హామీ లేదు, పొడిగింపు రుసుము లేదు. విదేశీయులని ముఖం చాటేసే యజమాని కూడా లేడు. ఈ ఆఖరిది పెద్ద విషయం. ప్రైవేటు ఏజెంటు ఫోన్ చేసి "విదేశీయుడు" అనగానే అవతలి నుంచి కాదనే జవాబు రావడం మీ ముందే వినాల్సొస్తుంది.

మరి యూఆర్‌లో లోపాల్లేవా అంటే, ఉన్నాయి. మంచి బ్లాకుల్లో ఖాళీలు ఉండవు, వచ్చినవి గంటల్లో పోతాయి. జీతం నిబంధన ఉంటుంది. కట్టడాలు చాలావరకు 1970, 80ల నాటివి. వంటింట్లో స్టవ్, గదుల్లో ఏసీ, కొన్నిచోట్ల లైట్లు కూడా మీరే కొనుక్కోవాలి. కొన్ని పాత బ్లాకుల్లో లిఫ్టు అన్ని అంతస్తుల్లో ఆగదు, మూడేసి అంతస్తులకోసారి ఆగుతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ వస్తుందంటే ఇల్లు చూసేటప్పుడు లిఫ్టు ఎక్కి మీ అంతస్తు నంబరు నొక్కి చూడండి.

ప్రైవేటులో తీసుకునేవాళ్లు రెండు విషయాలు అడగాలి. మొదటిది, కట్టడం చెక్కదా, కాంక్రీటుదా. చెక్క అపార్టుమెంటు చవక. కానీ గోడ అవతలివాళ్లు తుమ్మితే ఇవతల వినిపిస్తుంది. మరి మన మిక్సీ? పొద్దున ఆరున్నరకి కొబ్బరి పచ్చడి రుబ్బితే తొమ్మిదింటికల్లా మేనేజ్‌మెంట్ కంపెనీ నుంచి మర్యాదగా ఒక చీటీ తలుపు సందులో ఉంటుంది. వంటా, పిల్లల పరుగులూ ఉన్న ఇంటికి కాంక్రీటే మంచిది. రెండోది, గ్యాస్ పైపు గ్యాసా, ప్రొపేన్ సిలిండరా. గ్యోతోకు, కసాయ్ వైపు పాత చిన్న అపార్టుమెంట్లలో ప్రొపేన్ తగలొచ్చు. చలికాలంలో వేడినీళ్లకి, వంటకి కలిపి బిల్లు చూసి గుండె ఆగుతుంది. తక్కువనుకున్న అద్దె అక్కడికక్కడే సమానమైపోతుంది.

## వరద, గాలి

ఎడోగావా వార్డులో దాదాపు 70 శాతం నేల పోటు సమయంలో సముద్ర మట్టం కంటే కిందే ఉంటుంది. 2019లో వార్డు ఆఫీసు ఇంటింటికీ పంచిన వరద మ్యాపు అట్ట మీద, ఆ వార్డు మ్యాపు మీదే, "ఇక్కడ ఉండకూడదు" అని అచ్చేశారు. అదే ఏడు అక్టోబరులో పెద్ద తుపాను వచ్చినప్పుడు లక్షల మందిని ఖాళీ చేయమన్నారు. గట్లు నిలబడ్డాయి, నీళ్లు రాలేదు. ఓజిమా ఉన్న కోతో వార్డు పరిస్థితీ ఇంతే. గ్యోతోకు రెండు నదుల మధ్య ఉన్న పల్లం.

భయపడి మానేయాల్సిన పని లేదు, లక్షల మంది ఉంటున్నారు. కానీ రెండు ఇళ్ల మధ్య తేల్చుకోలేకపోతే ఇది తూకం వేస్తుంది. నిషి కసాయ్‌కి దక్షిణాన సెయ్‌షిన్‌చో, రింకాయ్‌చో అనే పేటలు తర్వాతి రోజుల్లో సముద్రాన్ని పూడ్చి చేసినవి, ఎత్తుగా ఉంటాయి. వార్డు మ్యాపులో కూడా నీళ్లు రాని చోట్లుగా చూపిస్తారు. స్టేషన్‌కి పది పదిహేను నిమిషాల నడక పెరిగినా అక్కడి యూఆర్ ఇళ్లు నా లెక్కలో మొదటి వరసలో ఉంటాయి. మిగతాచోట్ల మూడో అంతస్తు, ఆ పైన చూడండి.

గాలి సంగతి కూడా తెలుసుకోవాలి. తోజాయ్ లైన్ మినామి సునామాచి దాటాక నేల పైకి వచ్చి అరకావా మీద పొడవాటి వంతెన ఎక్కుతుంది. 1978 ఫిబ్రవరి 28న సుడిగాలికి ఆ వంతెన మీద రైలు పెట్టెలు పక్కకి పడిపోయాయి. అప్పటి నుంచి గాలి హోరెత్తితే వేగం తగ్గిస్తారు, మరీ ఎక్కువైతే ఆపేస్తారు. తొయెయ్ షింజుకు లైన్ కూడా ఫునబోరి దగ్గర నది మీద వంతెన మీదుగానే వెళ్తుంది. గాలివాన రోజున ఇంటి దాకా చేరగలిగేది నదికి ఇవతల ఉన్న ఓజిమా వాళ్లు.

## ఎవరికి ఏది

మొదటిసారి జపాన్ వస్తున్నారు, భార్యాభర్తల్లో ఒకరు ఇంట్లో ఉంటారు, చిన్నపిల్లలున్నారంటే ఆలోచించక్కర్లేదు, నిషి కసాయ్. వీలైతే దక్షిణం వైపు యూఆర్. రెండో ఏడాదికి జపనీస్ నాలుగు ముక్కలు వచ్చాక, కావాలంటే కసాయ్‌కో ఫునబోరికో మారండి.

ఇద్దరూ ఉద్యోగస్తులైతే, పిల్లలు లేకపోతే, ఇద్దరి ఆఫీసులకీ మధ్యలో ఉన్న లైన్ చూసుకోండి. షింజుకు, షిబుయా వైపైతే ఓజిమా. ఒకరు ఒతేమాచి, ఒకరు షింజుకు అయినా ఓజిమానే.

ఒంటరిగా ఉంటూ ఇంటికి డబ్బు పంపాల్సిన కుర్రాళ్లు గ్యోతోకు, మ్యోదెన్ చూడండి. కూర్చుని వెళ్లే రైలు దొరికితే ఆ పాతిక నిమిషాల నిద్ర వేరే. పెద్దవాళ్లు ఎక్కువ కాలం ఉంటారంటే గుడి కోసం ఫునబోరి. నాన్నగారికి రోజూ సాయంత్రం నాలుగు మాటలు కలిపే తోడు కావాలంటే మళ్లీ నిషి కసాయే.

ఇల్లు చూడటానికి ఏజెంటు శనివారం మధ్యాహ్నం తీసుకెళ్తాడు. అప్పుడు ప్రతి పేటా బాగానే ఉంటుంది. అదే ఇంటికి మంగళవారం రాత్రి తొమ్మిదింటికి స్టేషన్ నుంచి మీరే నడిచి వెళ్లి చూడండి. మరుసటి రోజు ఉదయం మీరు ఎక్కాల్సిన రైలే ఎక్కి ఆఫీసు స్టేషన్ దాకా వెళ్లండి. ఇక రెయ్‌కిన్ లేదని, మొదటి నెల ఉచితమని చెప్పే ఇళ్ల అగ్రిమెంటులో ఏడాదిలోపు ఖాళీ చేస్తే ఒకటో రెండో నెలల అద్దె కట్టాలన్న షరతు ఉందేమో చూడండి. కంపెనీ ప్రాజెక్టు ఎప్పుడు ముగుస్తుందో మీకే తెలియనప్పుడు ఆ షరతు ఉన్న ఇల్లు ఎంత బాగున్నా వదిలేయండి, లేదా దాన్ని తీసేయమని ఏజెంటుని అడగండి. ఖాళీగా పడున్న ఇళ్లకి యజమానులు ఒక్కోసారి ఒప్పుకుంటారు.